డిక్కీలో రెండు కొత్త డిస్కులు

నేను కొనిచ్చిన కొత్త బ్రేకు డిస్కులు మేస్త్రీ నా కారుకు వెయ్యలేదు. పాతవాటినే లేత్ పట్టించి, నున్నగా చేయించి, మళ్ళీ బిగించి పంపాడు. నాతో ఒక్క మాట చెప్పలేదు. మూడు వారాలు నేను కొత్త డిస్కుల మీద తిరుగుతున్నానని నమ్ముకుని తిరిగాను. ఇది అన్యాయం. దీనికి ఇంకో పేరు నాకు తెలియదు.

దొంగతనమైనా ఇంత కోపం వచ్చేది కాదు. దొంగ అయితే సరుకు ఎత్తుకుపోతాడు, మనం నాలుగు తిట్టి ఊరుకుంటాం. నా డిస్కులు ఎక్కడికీ పోలేదు. నా కారు డిక్కీలోనే, స్టెప్నీ పక్కన, నేను చుట్టి ఇచ్చిన కాగితంలోనే పసిబిడ్డల్లాగా పడుకుని ఉన్నాయి.

చేసినవాడు పుంగనూరులో షెడ్డు పెట్టుకున్న మేస్త్రీ. ముప్పై ఏళ్ళకు పైబడిన పరిచయం మాది. అప్పట్లో నేను పుంగనూరు సినిమా హాల్లో ఆపరేటర్ని. కరెంటు పోతే నడిపే జనరేటర్ ఒకటి ఉండేది. అది మొరాయించినప్పుడల్లా అతన్ని పిలిపించేవారు. అతను ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు మాట్లాడేవాడు, జనరేటర్‌తో మాత్రం రెండింట్లోనూ బూతులు మాట్లాడేవాడు. నేను అయిదో తరగతితో బడి మానినవాడిని. ప్రొజెక్టర్‌తో పాటు వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని, పాత నిఘంటువు పక్కన పెట్టుకుని, రెండేళ్ళు కూర్చుని అక్షరం అక్షరం నమిలి మింగాను. ఆ పుస్తకంలో రాసినట్టు జనరేటర్ కూడా నడవాలని నేను, పుస్తకం చదివి జనరేటర్ నడవదని అతను. అట్లా మొదలైన తగాదా మాది. సినిమా హాలు పోయి పెళ్ళిళ్ళ హాలయింది. జనరేటర్ పాత ఇనుముకు పోయింది. తగాదా మాత్రం నిలబడింది. నేను మదనపల్లెకు మారిపోయినా, కారు కొన్నప్పటి నుంచీ దాన్ని పుంగనూరుకే తోలుకుపోయేవాణ్ణి. మదనపల్లెలో షెడ్లు లేక కాదు.

కారు మా ఆవిడ ఇష్టపడి కొన్నది. ఆమె మదనపల్లెలో మిషన్ ఆసుపత్రి నర్సు, మేస్త్రీ నోట సిస్టరమ్మ. పదవీ విరమణ చేశాక, ఒకరి చేతిలో కొన్నేళ్ళు నలిగిన ఆ చిన్న నీలం కారును చూసి ఇదే కావాలంది. మా మతాలు వేరు. పెళ్ళికి నా వైపు ఎవరూ రాలేదు. ఆమె వైపు నుంచి వాళ్ళక్క ఒక్కతే వచ్చింది. పిల్లలు లేరు. పోయిన వానాకాలంలో ఆమె వెళ్ళిపోయింది. ఆ తరువాత నేనూ కారూ మిగిలాం.

నెలకొకసారి, మొదటి ఆదివారం, కుప్పంలో ఉన్న ఆ అక్క, మా వదిన దగ్గరికి వెళతాను. ఆమెకు చూపు మందగించింది. నేను వెళితేనే ఆమె కారులో చర్చికి పోతుంది. నేను బయట వేపచెట్టు కింద కూర్చుంటాను. పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా దోవ. అక్కడక్కడా ఏనుగులు దాటే చోట్లు ఉన్నాయి, బోర్డులు పెట్టారు. ఏనుగు మన హారన్‌ను లెక్కచేయదు కాబట్టి బ్రేకు బాగుండాలి.

మాఘమాసంలో ఆ బ్రేకే చెడింది. తొక్కితే కీచుమని అరుపు. దిగుడులో తొక్కితే పెడల్ కాలి కింద వణికేది, స్టీరింగ్ కూడా. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. చక్రంతో పాటు ఇనుప పళ్ళెం ఒకటి తిరుగుతుంది. అది డిస్కు. మనం తొక్కినప్పుడు రెండు బిళ్ళలు దాన్ని అటూ ఇటూ పట్టి ఆపుతాయి. అవి ప్యాడ్లు. బిళ్ళలు అరగడం ధర్మం. అరిగినా మార్చకుండా తిప్పితే పళ్ళెం గాట్లు పడుతుంది, వంకర పోతుంది. నాది అప్పటికి వంకర పోయింది. ఆమె పోయాక ఆరు నెలలు నేను బండి కింద తల పెట్టి చూడలేదు. ఆ తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను.

ప్యాడ్లూ డిస్కులూ నేనే ఎంచుకుందామని కూర్చున్నాను. స్పేర్ పార్టుల పట్టిక ముందు పెట్టుకుని నాలుగు రోజులు చదివాను. మెత్తటి ప్యాడ్లు బాగా పట్టుకుంటాయి, తొందరగా అరుగుతాయి. గట్టివి చాలా రోజులు వస్తాయి, అరుస్తాయి. ముసలివాడికి మెత్తటివే నయమనుకున్నాను. డిస్కుల దగ్గర పట్టికలో నా కారు పేరుకు రెండు వరసలు కనిపించాయి. ఒకటి మామూలు పళ్ళెం. రెండోది రెండు పళ్ళేలను అతికించి మధ్యలో గాలి ఆడేందుకు సందులు వదిలినది. నేను ఇరవై రెండేళ్ళు ప్రొజెక్టర్ దీపం పెట్టె పక్కన నిలబడ్డవాణ్ణి. గాలి ఆడకపోతే వేడి ఏం చేస్తుందో నాకొకరు చెప్పాలా? రెండో వరసలోని నంబరు పుస్తకంలో రాసుకుని మదనపల్లెలో స్పేర్ పార్టుల అంగడికి పోయాను.

అంగడాయన నంబరు చూసి తల గోక్కున్నాడు.

"పాతది విప్పుకోని రాప్పా పెద్దాయనా, శాంపిల్‌కి. పక్కపక్కన పెట్టి చూసి ఇస్తాను."

మా వైపు పద్ధతి అది. నట్టు కావాలన్నా, బెల్టు కావాలన్నా, చెడిపోయినదాన్ని గుడ్డలో చుట్టి అంగడికి తెచ్చి, దానికి జోడీ అడుగుతారు. ఎవరికీ నంబరు అక్కర్లేదు.

"శాంపిల్ తెచ్చేది చదువు రానివాళ్ళు," అన్నాను. "నంబరు ఇచ్చినాను కదా."

"మీ బండి పాత మోడలు కదప్పా. దానికి ఇది రాదేమో అనుకుంటాండా."

"నువ్వు అనుకుంటాండావు. నాకు తెలుసు."

కౌంటరు దగ్గర నిలబడ్డ ట్రాక్టరు డ్రైవరొకడు నవ్వాడు. "అన్నా, పెద్దాయనకే కౌంటరు అప్పజెప్పి నువ్వు ఇంటికి పో."

అంగడాయన నవ్వలేదు. నా నెరిసిన గడ్డం వైపు ఒకసారి చూసి, "అట్లే పెద్దాయనా," అని తెచ్చి ఇచ్చాడు. ఆ 'అట్లే'ను నేను గెలుపు అనుకున్నాను.

మరునాడు పొద్దున్నే పుంగనూరు. మేస్త్రీ నా చేతిలోని మూట అందుకుని, కాగితం విప్పి, డిస్కును అంచు పట్టుకుని తిప్పి చూశాడు. చాలాసేపు చూశాడు. తరువాత నన్ను చూశాడు. నేను సిద్ధంగా ఉన్నాను. గాలి గురించి, వేడి గురించి, దీపం పెట్టె గురించి ఏమేమి చెప్పాలో దోవ పొడుగునా కూడబలుక్కుని వచ్చాను. మామూలుగా అయితే "ఎవుడు చెప్పినాడు నీకు ఇది కొనమని?" అని మొదలుపెట్టేవాడు. మా ఆవిడ ఉన్నప్పుడు తనూ కలిసేది. షెడ్డు నీడలో కూర్చుని, "మేస్త్రీ, ఈయన మాట వినబాకు, ఈయన పుస్తకం కూడా ఈయన మాట వినదు," అనేది. ఇద్దరూ ఒకటై నన్ను ఉతికేవాళ్ళు.

ఆ రోజు అతను కాగితం మళ్ళీ చుట్టేశాడు.

"పోయి టీ తాగి రా, ఆపరేటరప్పా. సాయంత్రమవుతాది."

"డిస్కులు చూసినావు కదా?"

"సూసినాలే."

"బాగుండాయా?"

"బాగుండాయి. పో."

సాయంత్రం దాకా పుంగనూరు వీధుల్లో తిరిగాను. ఒకప్పుడు మార్నింగ్ షోకు టికెట్టు దొరకక నా కాళ్ళు పట్టుకున్న ఊరు అది. ఒక్కరూ పలకరించలేదు. ఎవరినీ అనడానికి లేదు, నన్ను ఎరిగినవాళ్ళు సగం మంది లేరు. బస్టాండులో బెంచీ మీద కూర్చుని వచ్చే పోయే బస్సుల బోర్డులు చదివాను. తిరిగి వెళ్ళేసరికి కారు సిద్ధంగా ఉంది.

"కొత్త ప్యాడ్లు. రెండు మూడు వందల కిలోమీటర్లు గట్టిగా తొక్కబాక," అన్నాడు, చేతులు తుడుచుకుంటూ. అంతే. ఇప్పుడు తలుచుకుంటే అతను అబద్ధం కూడా ఆడలేదు. డిస్కుల ఊసే ఎత్తలేదు. బ్రేకు తొక్కి చూశాను. వెన్నలాగా ఆగింది. వణుకు లేదు, అరుపు లేదు. ముప్పై ఏళ్ళకు మొదటిసారి మేస్త్రీ నా చదువును ఒప్పుకున్నాడని, మదనపల్లె చేరేదాకా ఖాళీగా ఉన్న పక్క సీటుకు చెప్పుకుంటూ వచ్చాను.

తరువాతి నెల మొదటి ఆదివారం కుప్పంలో వదిన ఇంటి ముందు వెనక టైరు పంక్చరయింది. స్టెప్నీ తీద్దామని డిక్కీలో చాప ఎత్తితే కాగితం మూట. విప్పాను. రెండు డిస్కులు, ఫ్యాక్టరీ నూనె కూడా తుడవకుండా. వెంటనే ముందు చక్రం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని కమ్మీల సందుల్లోంచి లోపలికి చూశాను. లోపల నా పాత డిస్కే. లేత్ మీద చెక్కిన సన్నటి గీతలు ఎండకు మెరుస్తున్నాయి.

వదిన గుమ్మంలో నిలబడి అడిగింది. "ఏమైందప్పా? దెబ్బ తగిలిందా?"

జరిగింది చెప్పాను. అరిచాను కూడా. మోసమన్నాను, నమ్మకద్రోహమన్నాను.

"అవునప్పా. మోసమే," అంది వదిన.

"నేను ఎంచి ఎంచి తెచ్చినాను వదినా!"

"అవునప్పా. నువ్వు చెప్పిందే న్యాయం."

నాకు ఒళ్ళు మండింది. నలభై ఏళ్ళలో ఈమె నా మాట ఒక్కటి ఒప్పుకున్నది లేదు. నేను ఆదివారం అంటే సోమవారం అనే మనిషి. నేను చర్చి లోపలికి రానన్నందుకు ఒక ఏడాది నాతో మాట్లాడని మనిషి.

"ఏంది వదినా, ఈ మధ్య నువ్వు అన్నిటికీ తల ఊపుతాండావు? యాల?"

ఆమె చీర కొంగు నలిపింది. "కొట్లాడి పంపిస్తే, మళ్ళా నెల నువ్వు వస్తావో రావోనని," అంది.

టైరు మార్చుకుని, ఆమెను చర్చి దగ్గర దింపి, బయట కూర్చున్నాను. లోపల పాట పాడుతున్నారు.

మదనపల్లె చేరాక పోస్టుకార్డు కొని మేస్త్రీకి రాశాను. కవరు కాదు, కావాలనే కార్డు. పోస్టుమ్యాన్ చదవాలి, షెడ్డు పక్కన టీ అంగడామె చదవాలి. మేస్త్రీకి తెలుగు చదవడం రాదు, ఏ జాబు వచ్చినా ఆమే చదివి వినిపిస్తుంది. 'నేను ఇచ్చిన సామాను వెయ్యకుండా నన్ను నమ్మించి పంపిన మోసగాడివి. ఎందుకు చేశావో రాతపూర్వకంగా తెలియజేయాలి' అని రాశాను. జవాబు లేదు. పది రోజులకు రెండో కార్డు, ఇంకా పెద్ద అక్షరాలతో. జవాబు లేదు. ఫోను చెయ్యలేదు. ఫోనులో అతను "అట్లే అప్పా" అంటే నేను భరించలేనని అప్పటికి నాకు తెలిసిపోయింది.

ఆ రోజుల్లో ఇంట్లో నా గొంతు నాకే వినిపించేది కాదు. పాలవాడు ప్యాకెట్టు గేటుకు తగిలించి పోతాడు. పక్కింటివాళ్ళు మంచివాళ్ళు. టమోటా ధర గురించి నేనేమన్నా అవునంటారు, దానికి వ్యతిరేకంగా అన్నా అవునంటారు. ఒకరోజు కావాలని, మదనపల్లెలో ఎండాకాలం చలి ఎక్కువ అన్నాను. "అంతే కదా పెద్దాయనా," అన్నాడు ఆ ఇంటాయన. ముసలితనంలో మనుషులు మనల్ని వదిలేసేది ఇట్లాగేనని అప్పుడు తెలిసింది. గొడవపడి కాదు, గొడవ మానేసి.

చివరికి ఒక మధ్యాహ్నం నేనే చక్రం విప్పాను. వెనక చక్రాలకు రాళ్ళు పెట్టి, జాకీ ఎత్తి, కింద మొద్దు దూర్చి, ఎడమ చక్రం తీశాను. నట్లు విప్పడానికే అరగంట పట్టింది. ప్యాడ్లను పట్టుకుని ఉండే ఇనుప పట్టీని, వాటిని నొక్కే క్యాలిపర్‌ను ఊడదీసి పక్కన తాడుతో వేలాడగట్టాను. పాత డిస్కు తీసి నా కొత్త డిస్కు పెట్టాను. చక్కగా కూర్చుంది. బోల్టు రంధ్రాలు కూడా సరిపోయాయి. చూశావా అన్నాను, ఎవరితోనో.

తరువాత క్యాలిపర్ ఎక్కించబోతే ఎక్కలేదు. లోపలి పిస్టన్ వెనక్కి పోలేదేమో అని క్లాంపుతో నొక్కాను. ఎక్కలేదు. ప్యాడ్లు తీసేసి ఇనుప పట్టీ ఒక్కటే పెట్టి చూశాను. డిస్కు అంచు దానికే తగులుతోంది. మూడుసార్లు ప్రయత్నించాను. నాలుగోసారి రెండు డిస్కులనూ గచ్చు మీద పక్కపక్కన పెట్టి చూశాను. అంగడాయన చెయ్యమన్నది అదే. నేను కొన్నది దాదాపు ఒకటిన్నర రెట్లు మందం. గాలి సందులున్న డిస్కు కొత్త మోడలుది. నా బండి పుట్టేనాటికి దానికి గాలి సందులు లేవు. రెండు వరసల పక్కనా సంవత్సరాలు రాసే ఉంటాయి. నేను చదవలేదు. చదివినా నాకు కావలసిందే చదివి ఉంటాను.

మందం కొలిచే వెర్నియర్, సినిమా హాలు నాటిది, నా దగ్గర ఉంది. పాత డిస్కు మీద, ఎంతకంటే తగ్గరాదో ఆ కొలత అచ్చు వేసి ఉంటుంది. భూతద్దం పెట్టి చదివాను. మేస్త్రీ చెక్కించినదాన్ని నాలుగు చోట్ల కొలిచాను. అచ్చు అంకెకు ఇంకా పైనే ఉంది. ఎక్కువేం కాదు, ఒక ఏడాదికి సరిపోతుంది. నాలుగు చోట్లా ఒకే కొలత. పని చేసినవాడు కొలిచి చేశాడు.

పొద్దు వాలేదాకా అట్లాగే కూర్చున్నాను. తప్పు నాదని తెలిశాక కోపం పోవాలి కదా. పోలేదు, చోటు మారింది. ఇంత పెద్ద తప్పు చేశానే, ఒక్కడు నా నెత్తిన మొట్టలేదే! ఆమె అయితే వాకిట్లో నిలబడి, "ఆ పళ్ళెం దోసెల పెనమంత లావుందే, దానికెట్ల పడతాదబ్బా?" అని మొదటి నిమిషంలోనే అనేది. ఆమె లేదు. అనవలసిన రెండోవాడు చూసి కూడా కాగితం చుట్టేశాడు. ముప్పై ఏళ్ళు నన్ను మనిషిగా జమకట్టి తిట్టినవాడు, ఆ పొద్దు ముసలివాడిగా జమకట్టి ఊరుకున్నాడు. అతనూ 'అట్లే' మనుషుల్లో కలిసిపోతే ఇక నాతో మాట్లాడేవాళ్ళు ఈ మూడు ఊళ్ళలో ఎవరూ లేరు.

అన్నీ మళ్ళీ బిగించి, చేతులు కడుక్కుని, మూడో జాబు రాశాను. ఈసారి కవరులో పెట్టి అంటించాను.

'నేను తెచ్చినవి నా బండివి కావు. ఈరోజు నేనే ఎడమ చక్రం విప్పి చూసుకున్నాను. నీ పని సక్రమంగా ఉంది. మోసగాడన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ నువ్వు చేసింది తప్పు కాదని నేను అనను. మూట విప్పిన వెంటనే నీకు తెలుసు. నన్ను ఎందుకు తిట్టలేదు? దీనికి మాత్రం జవాబు ఇవ్వు.'

తొమ్మిది రోజులు గడిచాయి. పదోరోజు పొద్దున ఫోను టింగుమంది. అతని నుంచి వాయిస్ మెసేజ్. వెనక ఏదో బండి ఇంజను మోత, మధ్యలో ఒకసారి దగ్గు. నేను విన్నది విన్నట్టు రాస్తున్నాను:

"ఆపరేటరప్పా, నీ జాబు టీ అంగడామె సదివింది. రెండుసార్లు సదివించుకున్న్యా. ఇను. ఆ డిస్కు చేతిలోకి తీసుకుంటానే తెలిసింది, నీ బండిది కాదని. తిట్టు నోటిదాకా వచ్చింది. సిస్టరమ్మ పోయినంక నువ్వు షెడ్డుకొచ్చింది అదే మొదలు. ఒక్కడివే వచ్చినావు, చొక్కా గుండీలు ఒకటికొకటి తప్పి పెట్టుకోనుండావు. నా నోరు పెగల్లేదు. అంతే, వేరే ఏం లేదు. తప్పే, నీ బండి, నీకు చెప్పాల్సింది. అయితే నువ్వు చేసింది తక్కువనా? మోసగాడని కార్డు మీద రాస్తివి. పోస్టుమ్యాను సదివె, టీ అంగడామె సదివె, టీ తాగను వచ్చినోళ్ళంతా సదివిరి. కవరు ఒకటి అంటిస్తే మాటలు వెనక్కి వస్తాయా? దానికి నిన్ను ఈడ నిలబెట్టి అడుగుతా, నలుగురి ముందర. ఇంగొకటి. ఎడమ చక్రం నువ్వే ఇప్పి బిగించినానంటివి. నీకు చేతకాని పని యాల పెట్టుకుంటావు? ఆ బోల్టు ఎంత బిగించినావో నాకు నమ్మకం లేదు, ఆ బండేసుకోని కుప్పం దోవ పట్టినావంటే సూడు. శుక్రవారం నమాజైనంక ఉంటా, మెల్లగా తోలుకోని రా. ఆ రెండు డిస్కులూ ఎత్తుకోని రా, నీ బండి పాతది ఒకటి ఇప్పి ఇస్తా, శాంపిల్ పట్టుకోని బస్సులో మదనపల్లె అంగడికి ఇద్దరం పోదాం, మార్చుకోని వద్దాం. ఆడ నువ్వు నోరు తెరవొద్దు. నేను మాట్లాడతా."